మోగుడు కర్ర

మా అత్తగారు నాతో "ఆయ్" అన్న రోజున నాకు నిజంగానే భయం వేసింది.

గోదావరి జిల్లాల్లో పుట్టనివాళ్ళకి ఈ భయం అర్థం కాదు, కాస్త చెప్పాలి. "ఆయ్" అంటే మాకు అవునండీ, సరేనండీ, చిత్తమండీ అన్నీ కలిపి ఒక్క ముక్క. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళతో అంటారు. కొట్టాయన బేరానికొచ్చినవాళ్ళతో అంటాడు. కొత్తల్లుడు మావగారితో అంటాడు, అదీ మొదటి ఏడాదే. అత్తగారు మాత్రం కోడలితో అనరు. నన్ను "ఏమే", "ఓ అమ్మాయ్", కోపమొస్తే "ఒసేయ్ టీచరూ" అని పిలుస్తూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి, ఓ పొద్దున్న నేను "అత్తయ్యగారూ, కాఫీ తెమ్మంటారా?" అంటే తల వంచుకుని "ఆయ్" అన్నారు. దానికంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది. మా వైపు మర్యాద పెరిగిందంటే తగాదా ముదిరిందనే లెక్క.

తగాదా నాతో కాదు. ఎవరితోనో ఆవిడకీ తెలీదు. కారణం మాత్రం ఒక రోలు.

రోలంటే పిండి రుబ్బేది కాదు. గుప్పెట్లో పట్టే బుల్లి ఇత్తడి రోలు, తాంబూలం దంచుకునేది. మా మావగారికి పళ్ళు ఊడిపోయినప్పుడు ఎక్కడో తీర్థంలో కొనుక్కొచ్చుకున్నారు. భోజనాలయ్యాక అత్తగారు అరుగు మీద కూర్చుని ఆకూ, వక్కా, సున్నం వేసి మెత్తగా దంచి ఆయన చేతిలో పెట్టేవారు. ఆయన పోయిన కొన్నాళ్ళకి ఈవిడ పళ్ళూ పోయాయి. అప్పట్నుంచీ అదే రోట్లో తనకోసం దంచుకునేవారు. దంచుతూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పేవారు. ఎవరింట్లో పాలు విరిగాయి, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, నేను కాపరానికొచ్చిన కొత్తలో ఎన్నిసార్లు అన్నం మాడ్చాను, అన్నీ ఆ టకటకల మధ్యే వచ్చేవి.

మాఘమాసంలో ఓ రోజు, ఇంట్లో శుభ్రమైన కుళాయి ఉండగా, కాలువ నీళ్ళతో తోమితేగానీ ఇత్తడికి కళ రాదంటూ రోలు పట్టుకుని రేవుకి వెళ్ళారు. చేతిలోంచి జారిపోయింది. అసలే నిండు కాలువ. పక్కింటి అన్నయ్యగారు దిగి కాళ్ళతో తడిమి చూసి, ఒక గాజుసీసా ముక్క గుచ్చుకుని పైకొచ్చేరు. రోలుకి జతైన బుల్లి రోకలి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని ఆవిడ తలగడ కింద పెట్టుకున్నారు.

మేం ఊరుకున్నామా, లేదు. కొత్తపేట వెళ్ళి స్టీలు రోలు తెచ్చాం. "ఆకు ఇనుము వాసనొస్తోంది" అన్నారు. రాతిది తెప్పించాం. "నోట్లో ఇసక" అన్నారు. మా ఆయనకి అమ్మ మీద ప్రేమ ఎక్కువ, బుర్ర మామూలు. ఆకూ వక్కా మిక్సీలో వేసి తిప్పి గిన్నెలో పోసి చెంచాతో తెచ్చారు. ఆవిడ ఆ ఆకుపచ్చ పచ్చడికేసి చూశారు, కొడుకు మొహంకేసి చూశారు, నోరు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి తాంబూలం మానేశారు. తాంబూలంతోపాటు మాటా మానేశారు. ఆత్రేయపురం నుంచి నేతి పూతరేకులు తెప్పించి పెడితే, పళ్ళక్కర్లేని తిండి కదా, తినేవారు. "బాగున్నాయా అత్తయ్యగారూ?" అంటే "ఆయ్."

ఇల్లు ఎలా తయారైందంటే, గడియారం చప్పుడు వినపడేది. నాకు వంట చేస్తుంటే చెయ్యాడేది కాదు. వెనకనుంచి "ఉప్పు తగలేశావా?" అని అడిగే మనిషి లేకపోతే ఉప్పు ఎంత వెయ్యాలో తెలీడం లేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలట. అత్త ఇంట్లోనే ఉండి లేనట్టు కూర్చుంటే కోడలు ఏమవుతుందో ఆ సామెత కట్టినవాళ్ళు చెప్పలేదు.

ఎండాకాలం వచ్చింది, కాలువలు కట్టేశారు. ఏటా అంతే, పైన లాకుల దగ్గర నీళ్ళు ఆపేసి పూడిక తీస్తారు. కాలువ అడుగు బయటపడుతుంది, ఏడాదంతా రేవులో మనం పోగొట్టుకున్నవన్నీ ఆ బురదలో ఎక్కడో ఉంటాయి. మా ఆయన మెట్ల మీద నిలబడి చాలాసేపు ఆ బురదని చూసి వచ్చి, ఫోను తీశారు. రిటైరయ్యాక ఆయన ఉద్యోగం వీడియోలు చూడటం. ఏదో దేశంలో ఆరడుగుల దొర ఒకడు సముద్రం ఒడ్డున కర్రకి పళ్ళెం బిగించి ఊపుకుంటూ ఉంగరాలు ఏరుకుంటున్నాడు. అలాంటిదే ఒకటి మా ఇంటికి అట్టపెట్టెలో వచ్చింది.

మెటల్ డిటెక్టరు అంటే చేతిలో ఇమిడేదనుకున్నాను. ఇది మూడు గొట్టాలు కలిపితే మనిషంత అవుతోంది. కింద దోసెల పెనమంత పళ్ళెం, పైన మీటల పెట్టె, మోచెయ్యి ఆనించుకోవడానికి ఒక దోనె. పక్కింటి వదినగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏంటండీ అది?" అని అడిగేరు.

"మోగుడు కర్రండి. ఇనుమూ ఇత్తడీ దగ్గరకొస్తే మోగుతుంది" అన్నాను.

ఆవిడకి కాస్త చెముడు. "మొగుడి కర్రా? అయ్యయ్యో, అన్నయ్యగారు కర్ర పట్టేదాకా వచ్చేరా? మొన్న కూడా చక్కగా నడిచేరు కదండీ" అన్నారు. సాయంత్రానికి ఇద్దరు పరామర్శకొచ్చేరు.

పెరట్లో మొదటి పరీక్ష పెట్టాం. కొబ్బరిచెట్టు దగ్గరకెళ్ళగానే కుయ్యోమంది. మా ఆయన మొహం వెలిగిపోయింది. తవ్వితే తుప్పుపట్టిన మేకులు. కాపు తగ్గిన చెట్టు మొదట్లో ఉప్పూ, మేకులూ పాతడం మావగారి అలవాటు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఏ చెట్టు దగ్గరకెళ్ళినా కర్ర ఆయన పేరు చెప్పి మోగింది. పనిచేస్తోందని తేలింది, బాగానే ఉంది. మొయ్యడమే కుదర్లేదు. బరువంతా ముందున్న పళ్ళెంలో ఉంది. రెండు చెట్లు తిరిగేసరికి మా ఆయన "అమ్మో" అని కూలబడ్డారు. ఆయన కుడిభుజం పట్టేసి అప్పటికే నెలలు. చొక్కా తొడగాలంటే నేనే చెయ్యి పట్టి దూర్చాలి. పైగా నడుం వంచకూడదని డాక్టరు ఆర్డరు. ఇలాంటి మనిషి మొయ్యడానికి ఆ దొరగారి కర్ర తెప్పించుకున్నారు! మూలిగే నక్క మీద తాటిపండు ఊరికే పడదు, ఆ నక్కే ఆర్డరు పెట్టుకుంటుంది.

కాబట్టి కర్ర నాకొచ్చింది. నేను ఐదడుగులకి కాస్త తక్కువ. పట్టుకుని పెరడు ఒక చుట్టు తిరిగేసరికి మణికట్టు మంట, మెడ పీకు. ఆ దోనెలో నా చెయ్యి పెడితే బకెట్లో గరిటె పెట్టినట్టుంది. నాకు ఒళ్ళు మండింది. మనిషికి తగ్గట్టు జాకెట్టు కుట్టాలిగానీ జాకెట్టుకి తగ్గట్టు మనిషిని కోస్తామా? నేను ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని టీచరుగా రిటైరైనదాన్ని. కత్తెర తీశాను.

ముందు దోనెకి పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి లైనింగు కుట్టాను. చెయ్యి బిగిసింది. తరవాత అటక మీదున్న పాత స్కూలు సంచి పట్టీలు విప్పి, వీపు మీద అడ్డంగా కలిసేటట్టు కుట్టాను, జాకెట్టు మీద జాకెట్టు లాగా. కుడిభుజం దగ్గర పట్టీకి సైకిలు ట్యూబు పీలిక ఒకటి కట్టి, దాని చివర కర్రని వేలాడదీశాను. రబ్బరు కనక సాగుతుంది, బరువు చేతిమీద కాక వీపు మీద పడుతుంది. అప్పటికీ పళ్ళెం ముందుకు తూగుతోంది. వెనకపక్క ఏదైనా బరువు కట్టాలి. కావిడి మోసిన ఊళ్ళో ఇది ఒకరు చెప్పాలా? మోచేతి వెనకాల కర్ర కొసకి సంచి కట్టి ముదురు కొబ్బరికాయ వేశాను. పళ్ళెం లేచి ఆకాశంకేసి చూసింది. మా ఆయన "విమానాలు వెతుకుతావా?" అన్నారు. కాయ తీసి, నీళ్ళింకి లోపల గుడ్డు గలగల్లాడే కురిడీ వేశాను. తూకం కుదిరింది. వేలితో తోస్తే కర్ర ఊయల లాగా ఇటూ అటూ ఊగింది. నా జన్మలో కుట్టిన ఏ పెళ్ళి జాకెట్టూ అంత బాగా కుదర్లేదు.

ఒక్క లోపం మిగిలింది. గొట్టం ఎంత లోపలికి తోసినా నా ఎత్తుకి పొడుగే. పళ్ళెం ఎక్కడో దూరంగా పోయి లాగుతోంది. "పొట్టి చేసెయ్యండి" అన్నాను. మా ఆయన ఆవేశంగా రంపం బ్లేడు పట్టుకొచ్చి, పనికొచ్చే ఎడమచేత్తోనే ఓ మూరెడు కోసిపారేశారు. కోసిన ముక్క వైపు చూసుకుంటూ, "ఇంక తిరిగివ్వడానికి లేదు" అన్నారు. ఇప్పుడు పళ్ళెం బుద్ధిగా నా పాదాల ముందే ఊగుతోంది. బరువన్నదే తెలీడం లేదు. పెరట్లో తిరిగితే అడుగడుక్కీ మోగింది. మావగారి మేకులే అనుకున్నాం.

ఇదంతా అత్తగారు అరుగు మీంచి చూస్తూనే ఉన్నారు. "రేపు మీ రోలు దొరుకుతుంది, చూడండి" అన్నాను. "ఆయ్" అన్నారు.

రేపే దొరకాలి. పూడిక తీసే పొక్లెయిన్ అప్పటికే పైఊరి రేవు దాకా వచ్చేసింది. మర్నాడు సాయంత్రానికి మా రేవుకొచ్చి బురదంతా గంపలకి గంపలు ఎత్తి లారీలో పోసుకుపోతుంది. ఆ తరవాత రోలు ఏ ఊరి మెరక కింద పడుతుందో చెప్పలేం.

పొద్దున్నే దిగాం. నేను చీర ఎగదోపుకుని, పట్టీలు బిగించుకుని, కురిడీ వెనక వేలాడుతుండగా మెట్లు దిగుతుంటే గట్టు మీద జనం అప్పటికే చేరారు. అత్తగారికి ప్లాస్టిక్ కుర్చీ వేయించాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ పెద్దలకి మా అత్తగారిలాంటి అత్తగారు ఉండి ఉండరు.

బురదలో అడుగు పెట్టి కర్ర ఊపాను. కుయ్యిమంది. గట్టు మీద చప్పట్లు. పక్కింటి అన్నయ్యగారు పారతో తవ్వేరు. ఏమీ లేదు. ఒక అడుగు ముందుకేశాను. మళ్ళీ కుయ్. మళ్ళీ తవ్వేరు. ఏమీ లేదు. ఇటు తిరిగితే కుయ్, అటు తిరిగితే కుయ్. నేను ఆగిన ప్రతిచోటా గొయ్యి, గోతిలో ఊట నీళ్ళు, నీళ్ళ పక్కన రొప్పుతూ అన్నయ్యగారు.

"కిందంతా ఉందండీ! ఒక చోట కాదు" అన్నారాయన.

గట్టు మీద ఊహలు మొదలయ్యాయి. ఓ పెద్దాయన, వాళ్ళ తాతగారి కాలంలో ఇక్కడ ఇనప లాంచీ మునిగిందన్నాడు. ఎవరి లాంచీ, ఎప్పుడు అంటే చెప్పడు, "మునిగిందండీ మరి" అంటాడు. ఇంతలో ఎవరో "గ్యాసు పైపులైనేమో" అన్నారు. అంతే. పైపు పేలి ఇళ్ళు కాలిన మా కోనసీమలో ఆ మాట అంటే నవ్వేవాళ్ళుండరు. లాంచీ పెద్దాయన చుట్ట ఆర్పి కాలికింద నలిపేశాడు. అన్నయ్యగారు పార పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టి, మునివేళ్ళ మీద మెట్లెక్కేరు. వదినగారు పైనుంచి "కదలకండి వదినగారూ! అడుగు తీసి అడుగు వెయ్యకండి!" అని కేకలు. నేను బురదలో కొంగలాగా ఒంటికాలు ఎత్తి నిలబడిపోయాను. నిలబడ్డా కర్ర మోగుతూనే ఉంది. మా ఆయన ఎవరికి ఫోను చెయ్యాలో తెలీక నాకే ఫోను చేశారు.

అప్పుడు కుర్చీలోంచి వినపడింది.

"లాంచీ లేదు, గ్యాసు లేదు, గాడిదగుడ్డూ లేదు. దాని కాలి మట్టెలు మోగుతున్నాయిరా చవటల్లారా! ఎక్కడికెళ్ళినా దాని కాళ్ళు దానితోనే వస్తాయి కదా!"

మాఘమాసం నుంచి ఆవిడ నోట అంత పెద్ద మాట రావడం అదే. నేను వంగి చూసుకున్నాను. బురదలోంచి నా వెండి మట్టెలు తొంగి చూస్తున్నాయి. కర్ర పక్కకి దూరంగా చాపాను. నోరుమూసుకుంది. కాలిదగ్గరకి తెచ్చాను. గోల పెట్టింది. సుఖంగా ఉంటుందని నేనే పొట్టి చేయించి, పళ్ళెం తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. గట్టంతా ఒకటే నవ్వు. అన్నయ్యగారు తను తవ్విన గోతులన్నీ ఒక్కొక్కటే చూసుకున్నారు.

మా ఆయన, "ఓ అరగంట తీసి పక్కన పెట్టెయ్. పోయేదేముంది?" అన్నారు.

"నోరుముయ్యరా!" అన్నారు అత్తగారు. "బతికున్న మొగుడివి, ఎదురుగా నిలబడి ఆ మాట అంటావా?"

"నేనే కదమ్మా అంటున్నాను."

"నువ్వన్నావనే అంటున్నా."

పైపు ముక్క తెచ్చి కర్ర పొడుగు చేస్తానన్నారాయన, కొత్తపేట వెళ్ళి. అవతల పొక్లెయిన్ రొద దగ్గరపడుతోంది. ఆయనే మోద్దామంటే ఆ పొట్టి కర్రకి తాటిచెట్టంత మనిషి నడుం విరిగేలా వంగాలి. అన్నయ్యగారికీ, మిగతా మగవాళ్ళకీ నా కొలతకి కుట్టిన పట్టీలు భుజం దాటవు. వదినగారిని చూస్తే ఆవిడ తన కాళ్ళు చూసుకుని వెనక్కి తగ్గేరు. అక్కడున్న ఆడవాళ్ళందరూ కాళ్ళు చూసుకున్నారు.

అత్తగారు కుర్చీలోంచి లేచారు. కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపారు. "ఇలా తగిలించవే నాకు" అన్నారు.

"మీరా అత్తయ్యగారూ? ఈ బురదలో?"

ఆవిడ కుడిపాదం కాస్త ముందుకి చాపి చూపించారు. ఖాళీ వేళ్ళు. మావగారు పోయినప్పుడు ఇదే రేవులో మట్టెలు తీశారు, తరవాత ఆ వేళ్ళని నేనెప్పుడూ చూడలేదు. చూశానేమోగానీ, గమనించలేదు.

పట్టీలు విప్పి ఆవిడకి తొడిగాను. ఆవిడ జాకెట్లన్నీ నేనే కుడతాను. మా ఇద్దరిదీ ఒకటే ఎత్తు, ఒకటే కొలత. కుట్టించుకున్నట్టు సరిపోయింది. ఆ వయసులో బిందె ఎత్తలేని మనిషి, కర్రని ఒక వేలితో ఊపి చూసి, "బరువు లేదేంటే!" అన్నారు. నాకు గర్వంతో ఛాతీ పొంగింది. ఆ పరిస్థితుల్లో పొంగకూడదుగానీ, పొంగింది.

రెక్క పట్టుకుని దింపాను. నేను ఒక చేతి దూరంలో ఉండాలని ఆజ్ఞ. "నీ మట్టెలు నాకు తగలనివ్వకు." ఆవిడ అడుగులో అడుగేస్తూ మెట్ల పక్కకి కదిలారు. కర్ర నిశ్శబ్దంగా ఊగుతోంది. కుయ్మంది. తవ్వితే చెంచా. వదినగారు పైనుంచి "అది మాదేనండీ" అన్నారు. మళ్ళీ కుయ్మంది. సోడా మూత. ఇంకో నాలుగడుగులు వేశాక, రాయి పక్కన, మోత మారింది. సన్నగా కాదు, నిండుగా మోగింది. అన్నయ్యగారు పార తీసేరు. "పార వద్దు" అని ఆవిడే వంగి చెయ్యి పెట్టారు. మోచేతిదాకా పెట్టారు. చెయ్యి పైకొచ్చినప్పుడు దాంట్లో నల్లటి మట్టిగడ్డ. గడ్డలోంచి ఒక నత్త జారి పడింది.

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో అంచు తుడిచి, "ఇంటికి పదండి, ఆకులున్నాయా?" అని అడిగారు.

చింతపండు పెట్టి నేనే తోమాను, కుళాయి దగ్గర. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక తలగడ కిందనుంచి రోకలి తీసుకొచ్చి అరుగు మీద కూర్చున్నారు. టకటక మొదలైంది. నేను పక్కన కూర్చుని గోళ్ళలో బురద తీసుకుంటున్నాను.

"నిన్న పులుసులో ఉప్పు కషాయం చేశావు" అన్నారు. "మొన్న కూడా. చారు సంగతి అడక్కు. ఇన్నాళ్ళూ మాట్లాడలేక మింగాను."

ఆ మాట వింటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పొద్దుటి కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పారు. లాంచీ, చుట్ట, నేను ఒంటికాలి మీద నిలబడటం, అన్నీ. నవ్వుతూ నవ్వుతూ నా కాళ్ళకేసి చూశారు, తన కాళ్ళకేసి చూసుకున్నారు. రోకలి ఆగింది.

"మీ మావగారుంటే నేనూ మోగేదాన్నే అమ్మాయ్" అన్నారు.

ఆయనకి ఆవిడ దంచి పెట్టారు. ఆవిడకి ఇన్నేళ్ళలో ఎవరూ దంచి పెట్టలేదు. "ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ, ఇవాళ నేను దంచుతాను" అన్నాను.

రోలు నా చేతిలో పెట్టి, "ఆయ్" అన్నారు.

ఉలిక్కిపడి మొహంలోకి చూశాను. బోసినోరు నవ్వుతోంది.